బరాబర్ మీట లేని లెక్కల మిషన్

సమానం గుర్తు లేని కాలిక్యులేటర్‌ను మీలో ఎంతమంది చూశారో నాకు తెలియదు. నేను చూశాను. చూడటం ఏమిటి, కొన్నేళ్లు దానితో వేగాను. ఇప్పుడు మీ పిల్లలు ఫోన్‌ను అడిగితే రోడ్డు మలుపు లెక్క నోటితో చెప్పేస్తుందట. సంతోషం. మా మిషన్ నోరు తెరిచి చెప్పేది ఒక్కటే మాట, ‘ఎర్రర్’. ఆ మాట కూడా తరచుగానే చెప్పేది.

డెబ్బైల చివర నేను ఎల్లారెడ్డిలో రోడ్ల శాఖలో జూనియర్ ఇంజనీరుగా చేరాను. మాది నిజామాబాద్. ఆ ఆఫీసులో అంతకుముందు ఆడమనిషి ఇంజనీరుగా పనిచేయలేదు. చేరడానికి వెళ్లిన రోజు అటెండరు నా చేతిలో కాగితాలు చూసి, “టీచరమ్మా, బడి అటు దిక్కు” అని మర్యాదగా రోడ్డు దాకా దిగబెట్టి వచ్చాడు. నేను మళ్లీ లోపలికి వస్తే, “దొరకలేదా?” అని అడిగాడు.

ఆఫీసులో నాకు మొదట దోస్తీ అయింది మా డ్రాఫ్ట్స్‌మన్‌తో. అంటే నక్షాలు గీసే ఆయన. కామారెడ్డి మనిషి, నలభై దాటిన వయసు. అందరూ ఆయన్ని భాయ్ అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచేదాన్ని. గీతలు ఎంత సన్నగా గీసేవాడో మాటలు అంత లావుగా మాట్లాడేవాడు. మా ఇద్దరికీ పైన డీఈ గారు, అంటే డిప్యూటీ ఇంజనీరు. పదవీ విరమణకు దగ్గరపడిన మనిషి. ఆయన బల్ల మీద లాగరిథమ్ పట్టికల పుస్తకం ఒకటి ఉండేది. దాని అట్ట ఊడితే గుడ్డ అతికించారు, గుడ్డ చిరిగితే ఇంకో గుడ్డ అతికించారు. రోడ్డు మలుపు తిరిగే ప్రతి చోటా ఎన్ని మీటర్లకు ఎంత పక్కకు జరగాలో ఆ పట్టికలు చూసి లెక్క కట్టాలి. ఒక మలుపు లెక్క తేలడానికి రోజంతా పట్టేది. మధ్యలో ఎవరైనా వచ్చి పలకరిస్తే మళ్లీ మొదటికి.

ఒకరోజు భాయ్ గుడ్డసంచిలోంచి ఒక నల్ల డబ్బా తీసి నా ముందు పెట్టాడు.

“మేడమ్, జర గిదేందో సూడుండ్రి. మా తమ్ముడు దుబాయ్ నుంచి తెచ్చిండు. అబ్బా దుకాణంల పనికొస్తదని.”

వాళ్ల నాన్నగారిది కామారెడ్డి బజారులో బట్టల దుకాణం. కొడుకు తెచ్చిన మిషన్ మీద ఆ పెద్దాయన మూడు మీటర్ల పాప్లిన్ లెక్క వేయబోయి, బరాబర్ మీట, అంటే సమానం గుర్తు, కోసం వెతికి వెతికి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ వెతికి, చివరికి అన్నారట: “బరాబర్ లేని లెక్క బేఈమాన్ లెక్క. గిది నా దుకాణంల వద్దు.” అలా బజారులో చెల్లని సరుకు సర్కారు ఆఫీసుకు వచ్చింది.

పైన సన్నటి కిటికీలో ఎర్రటి అంకెలు వెలుగుతున్నాయి. కింద మీటలు. ఒక్కో మీట మీద ఒక పేరు, దాని పైన పసుపు రంగులో ఇంకో పేరు, ముందువైపు నీలం రంగులో మూడో పేరు. సైన్, కాస్, టాన్ కనిపించగానే మిషన్‌ను నా వైపు లాక్కున్నాను. మేం రోజంతా పట్టికల్లో వెతికేవి అవే మరి. పక్కన ఒక చిన్న స్విచ్చు, దాన్ని ఒకవైపు జరిపితే ‘ప్రోగ్రాం’.

“పుస్తకం ఏది భాయ్? దీంతోపాటు పుస్తకం ఇస్తరు గద?”

“లావుగున్నదంట మేడమ్. సామాను బరువైతదని తమ్ముడు ఆడ్నే ఇడిసిపెట్టి అచ్చిండు. దాని బదులు రెండు సబ్బులు తెచ్చిండు.”

ఆ సబ్బుల్లో ఒకటి నాకూ ఇచ్చాడు. మంచి వాసన. కానీ పుస్తకం లేకుండా ఆ మిషన్‌తో మేం పడ్డ పాట్లు అంతా ఇంతా కాదు. రెండు నొక్కి కూడిక గుర్తు నొక్కితే ఏదో ఒకటి వచ్చేది. అది ఎందుకొచ్చిందో మాకు తెలిసేది కాదు. మధ్యలో ‘ఎంటర్’ అని ఒక వెడల్పు మీట ఉంది, దాని పనేమిటో అంతు చిక్కలేదు. భోజనాల వేళ నేనూ భాయ్ చెరో పక్కన కూర్చుని మీటలు నొక్కుతూ ఉంటే, డీఈ గారు కళ్లద్దాల పైనుంచి చూసి, “హార్మోనియం నేర్చుకుంటున్నరా?” అనేవారు.

దారి దొరికింది ఒక చిత్రమైన చోట. ఆఫీసు ఎదురుగా టీ కొట్టులో భాయ్ ఆర్డరు చెబుతున్నాడు: “రెండు చాయ్, ఒక ఉస్మానియా బిస్కెట్, ఇటు పంపు.” నేను పక్కనే నిలబడి విన్నాను. మనం మాట్లాడే తీరు అదే కదా! ముందు వస్తువులు చెబుతాం, ఏం చేయాలో ఆఖర్న చెబుతాం. “రెండుకు మూడు కలుపు” అంటాం గానీ, “రెండు కలుపు మూడు బరాబర్” అని ఇంట్లో ఎవరూ అనరు. చాయ్ రాకముందే లోపలికి పరుగెత్తి రెండు నొక్కాను, ఎంటర్ నొక్కాను, మూడు నొక్కాను, కూడిక గుర్తు నొక్కాను. ఎర్రగా ఐదు వచ్చింది.

“భాయ్! ఇది తెలుగు మిషన్!”

“ఉర్దూ భీ గట్లనే మేడమ్,” అన్నాడు భాయ్ చాయ్ గ్లాసులతో వస్తూ. ఆయన తన వాటా వదులుకోడు.

అక్కణ్నుంచి బండి పరుగెత్తింది. స్విచ్చును ప్రోగ్రాం వైపు జరిపి వరసగా మీటలు నొక్కితే, ఆ వరసను అది గుర్తుపెట్టుకుంటుందని తెలిసింది. ఒక్కో పని ఒక మెట్టు, మొత్తం యాభైకి లోపే మెట్లు. అందులోనే మలుపు లెక్కంతా ఇరికించాలి. ఆ మెట్లను కుదించడం మా ఇద్దరికీ పిచ్చిగా పట్టుకుంది. ఒక్క మెట్టు మిగిలినా భాయ్ బిర్యానీ తిన్నంత సంబరపడేవాడు. చివరికి ఒక ప్రోగ్రాం నిలబడింది. మలుపు వ్యాసార్ధం, కోణం ఇస్తే చాలు, మలుపు ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ ముగియాలో, మధ్యలో రోడ్డు గుర్తుకు పాతే ప్రతి మేకు ఎంత పక్కకు జరగాలో ఒక్కొక్కటే చెప్పేది. దానికున్న దుర్గుణం ఒక్కటే. స్విచ్చు ఆపితే నేర్పిన మెట్లన్నీ మరిచిపోయేది. పొద్దున మళ్లీ మొదటి మెట్టు నుంచి నేర్పాలి. ఆ పని భాయ్‌ది. కాగితం ఎదురుగా పెట్టుకుని, నమాజు చేసుకున్నంత శ్రద్ధగా నొక్కేవాడు.

నిజంగా పని చేస్తుందో లేదో చూద్దామని ఒక ఆదివారం హైస్కూలు మైదానంలో రెండు గీతలు గీసి, వాటిని కలిపే చిన్న మలుపు వేసి చూశాం. మిషన్ చెప్పినట్టే మేకులు పాతుకుంటూ పోయాం. రెండో గీతను సుతారంగా తాకి ఆగాల్సిన మలుపు దాన్ని దాటేసి, వాలీబాల్ నెట్టు కిందుగా దూరి, డ్రిల్లు మాస్టారు ఇంటి ముందు ఎండబెట్టుకున్న దుప్పటి దగ్గర తేలింది. మాస్టారు బయటికొచ్చి, “నా ఇంట్లకెంచి రోడ్డు ఏస్తున్నరా?” అని అడిగాడు.

సోమవారం ఇద్దరం మొహాలు వేలాడేసుకుని కూర్చుంటే డీఈ గారు సంగతి విన్నారు. నవ్వలేదు. పేపరు మడిచి పెట్టి, “సైన్ ముప్పై ఎంతో అడుగు దాన్ని,” అన్నారు.

నొక్కాను. సగం రావాలి. సున్నా పాయింట్ నాలుగు ఐదు వచ్చింది.

“సగమంటే ఏందో తెలవని మిషన్‌తో రోడ్డేస్తరా?” అని ఆయన మళ్లీ పేపరు తెరిచారు.

ఆ మాటకు భాయ్‌కి పౌరుషం వచ్చింది. నీలం రంగు పేర్లన్నీ ఒక్కొక్కటే చదువుకుంటూ పోయి, ఒక మీట దగ్గర ఆగాడు. కోణాన్ని కొలవడానికి మనకు డిగ్రీలు తెలుసు. కానీ లంబకోణాన్ని తొంభై కాకుండా వంద భాగాలు చేసే పద్ధతి కూడా ఒకటి ఉందని నేను కాలేజీలో చదివి, పరీక్ష రాసి మరిచిపోయాను. మీటలు పరీక్షించే హడావుడిలో ఎప్పుడో ఎవరి వేలో తగిలి, మిషన్ ఆ పద్ధతిలోకి పోయి కూర్చుంది. డిగ్రీల్లోకి తెచ్చి నొక్కితే సగం వచ్చింది. ఎవరి వేలో అని మేమిద్దరం చాలా ఏళ్లు వాదించుకున్నాం. అప్పట్నుంచి మాకు నియమం ఒకటి పడింది. పని మొదలుపెట్టే ముందు సైన్ ముప్పై అడగాలి. డీఈ గారికి మాత్రం ఆ మిషన్ మీద గురి కుదరలేదు. “మీరు ఆడుకోండి, నేను పట్టిక చూస్త,” అనేవారు.

ఇక అసలు రోజు సంగతి.

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి వచ్చే రోడ్డులో, తాడ్వాయి దాటాక ఒక చోట పాత రోడ్డు వంకరటింకరగా పోయేది. దాన్ని సరిచేసి ఒకే మలుపుగా వేయాలి. మాకన్నా ముందున్నవాళ్లు గీసిన నక్షా ప్రకారం మేకులు పాతితే, మలుపు సరిగ్గా ఒక రైతు బావి గట్టు మీదుగా పోయింది. పాత మోట బావి, రాతి కట్టుబడి. ఇప్పుడు దాని మీద కరెంటు మోటారు బిగించారు. దాని కింద చెరుకు, కొంత వరి. ఆ బావి పోతే ఆ భూమంతా వాన కోసం ఎదురుచూడాల్సిందే.

ఆ ఇంటి పెద్ద ఒక అవ్వ. కొడుకు ఆఫీసు చుట్టూ తిరిగి నీరసపడ్డాడు గానీ, అవ్వ నీరసపడే మనిషి కాదు. మేం మేకులు పాతుతున్నప్పుడే నా పక్కన వచ్చి నిలబడింది.

“బిడ్డా, బాయికి పైసలిస్తరంట గదా?”

“ఇస్తరు అవ్వా.”

“నీళ్లిస్తరా?”

అంత మంచి ప్రశ్న నా ఉద్యోగంలో ఏ అధికారీ అడగలేదు.

జిల్లా నుంచి ఈఈ గారు, అంటే డీఈ గారికి పై అధికారి, ఆ మలుపు చూడ్డానికి వస్తున్నారని కబురు వచ్చింది. ఆయన సంతకం పెడితే ఎస్టిమేటు హైదరాబాద్ పోతుంది, ఇక మారదు. ఆయన గుంటూరు వైపు మనిషి. మంచివాడే, అయితే పొదుపరి. వెలిగే లైటు కనిపిస్తే ఆపకుండా ముందుకు కదలడని పేరు.

పొద్దున్నే జీపులో వచ్చారు. అవ్వ చెప్పిందంతా నిలబడి విన్నారు. నక్షా చూశారు. పాత బండ్లబాట మలుపుకు బయటివైపున ఉంది, అది సర్కారు జాగానే. మలుపును అటు జరపగలిగితే ఎవరి భూమీ కొత్తగా తీసుకోనక్కర్లేదు.

“మలుపు కొంచెం ముదురుగా, అంటే ఇంకాస్త వంచి వేస్తే బావి తప్పుతుందా?” అని అడిగారు.

“తప్పొచ్చు సర్. లెక్క కట్టాలె,” అన్నారు డీఈ గారు. “రెండు మూడు రకాలు చూడాలంటే రెండు రోజులు కావాలె.”

“నా దగ్గర రెండు రోజులెక్కడివండీ? ఎస్టిమేటు రేపు పంపాలి. మధ్యాహ్నం దాకా ఇక్కడే ఉంటాను. ఈలోగా తేలిస్తే సరే. లేదంటే ఉన్నదాని మీదే సంతకం పెడతాను.”

నేనూ భాయ్ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మిషన్ సంచిలో ఉంది, పొద్దున్నే పాఠం కూడా నేర్చేసుకుని ఉంది. “సర్, మా దగ్గర ఒకటుంది,” అని తీసి చూపించాను. ఈఈ గారు ముచ్చటపడి చేతిలోకి తీసుకున్నారు. అటూ ఇటూ తిప్పారు.

“ఎవరూ వాడకపోయినా వెలుగుతోందేంటి? బ్యాటరీ దండగ కాదూ?” అని టక్కున స్విచ్చు ఆపేశారు.

భాయ్ నోటి నుంచి “యా అల్లా” అని వచ్చింది, అదీ సగమే. పై అధికారి ముందు మిగతా సగం మింగేశాడు.

“కాగితం తీయుండ్రి భాయ్,” అన్నాను నెమ్మదిగా.

భాయ్ చొక్కా జేబు తడుముకున్నాడు. ప్యాంటు జేబులు తడుముకున్నాడు. పొద్దున మిషన్‌కు పాఠం ఇంట్లోనే చెప్పి, కాగితం మంచం మీదున్న నిన్నటి చొక్కాలో పెట్టాడట. ఆ చొక్కా ఈపాటికి చాకలి ఇంట్లో ఉండి ఉంటుంది.

ఇంకో చిక్కు ఉంది. ఆ ఎర్ర అంకెలు ఎండలో కనిపించవు. జీపు నీడలో పెట్టినా తెల్లగానే ఉంది. భాయ్ రుమాలు కప్పి చూశాడు, లాభం లేదు. మా అవస్థ చూసి అవ్వ కొడుకు చేనులోంచి గొంగడి తెచ్చాడు. భాయ్ జీపు పక్కన బాసీపట్టు వేసుకుని కూర్చుని తల మీంచి గొంగడి కప్పుకున్నాడు. నేను బయట మట్టి గడ్డ మీద కూర్చుని, లెక్క ఏ వరసలో నడవాలో గుర్తు చేసుకుంటూ చెబుతున్నాను. లోపల నుంచి గొంతు: “అది అయింది… ఇంక?” చుట్టూ జనం చేరారు. “తలకాయ నొప్పా?” అని ఒకాయన అడిగాడు. “కాదు, మంత్రం ఏస్తుండు,” అని ఇంకొకాయన చెప్పాడు. ఈఈ గారు అవ్వ ఇచ్చిన మజ్జిగ తాగుతూ ఏమీ అర్థం కాక, ఏదో తన చేతి మీదుగానే జరిగిందని మాత్రం అర్థమై, ఇబ్బందిగా నిలబడ్డారు.

మెట్లన్నీ అయ్యాయి. సైన్ ముప్పై అడిగాం. సగం అంది. ఇక బావి మీదుగా పోయిన పాత నక్షా మలుపు లెక్కతో పరీక్ష. దాని జవాబు డీఈ గారు పట్టికతో ఎప్పుడో కట్టి పెట్టారు, మాకు నోటికొచ్చు. భాయ్ నొక్కాడు.

“మైనస్ అచ్చింది మేడమ్.”

అంటే రోడ్డు వెనక్కి పోతోందన్నమాట. కళ్లు మూసుకుని మళ్లీ మొదటి నుంచి నడిచాను. వ్యాసార్ధం, దాని వర్గం, దూరం వర్గం తీసేయి, మూలం, మళ్లీ వ్యాసార్ధం, తీసివేత… అక్కడ ఆగాను. వ్యాసార్ధంలోంచి మూలాన్ని తీసేయాలి. మేం మూలంలోంచి వ్యాసార్ధాన్ని తీసేశాం.

“భాయ్! ముందుది వెనక, వెనకది ముందు చేసే మీట…”

“అదలా బదలీ! మరిచిన, మరిచిన!” అని గొంగడి ఎగిరింది. మళ్లీ పడింది.

ఈసారి పాత మలుపు జవాబు అంకె అంకె కలిసింది. అప్పుడు వ్యాసార్ధం తగ్గించుకుంటూ పోయాం. ఒక విలువకు రోడ్డు అంచు బావి గట్టును రాసుకుంటూ పోయింది. ఇంకొంచెం తగ్గించాం. గట్టుకూ రోడ్డుకూ మధ్య ఎడ్లబండి పట్టేంత జాగా మిగిలింది. మలుపు ముదురే, అయినా శాఖ ఒప్పుకునే హద్దులోనే ఉంది. “మేడమ్, చుక్కలన్నీ ఎలుగుతున్నయి,” అన్నాడు భాయ్ లోపల నుంచి. అంటే బ్యాటరీ అయిపోతోంది. ఆయన గబగబా అంకెలు చదివాడు, నేను రాసుకున్నాను. ఆఖరి మేకు లెక్క చెప్పాక గొంగడి తీసి బయటికొచ్చాడు. తలంతా చెమట, దాని మీద గొర్రె బొచ్చు.

ఈఈ గారు డీఈ గారి వైపు చూశారు. “ఏమంటారు?”

డీఈ గారు జీపులోంచి గుడ్డ అట్ట పుస్తకం తీసి, బానెట్టు మీద పరిచి, మధ్య మేకు లెక్క ఒక్కటి తీసుకుని పట్టికతో కట్టడం మొదలుపెట్టారు. అవ్వ, కొడుకు, జనం బానెట్టు చుట్టూ మూగారు. ఆయన పెదవులు కదులుతున్నాయి. ఒక అంకె కొట్టేసి మళ్లీ వేశారు. చివరికి పెన్ను మూత పెట్టారు.

“పట్టిక రైటే ఉన్నది సర్,” అన్నారు. “మిషన్ దాంతోని కలిసింది.”

ఆయన నోటి నుంచి అంతకన్నా పెద్ద మెప్పు నేను ఎప్పుడూ వినలేదు.

ఈఈ గారు ఆ బానెట్టు మీదే కొత్త మలుపుకు సంతకం పెట్టారు. మేం మేకులు పీకి కొత్త చోట పాతాం. అవ్వ ప్రతి మేకు దగ్గరా నిలబడి, పాదంతో మట్టి తొక్కి గట్టిపరిచింది. ఆఖరి దాని దగ్గర నన్ను పక్కకు పిలిచింది.

“మల్ల రేపొచ్చి జరుపరు గద?”

“జరుపం అవ్వా.”

“ఆ నల్ల డబ్బకు చెప్పు. అది గొంగట్ల మాట మారుస్తున్నట్టు ఇన్న.”

తర్వాత ఆ మిషన్ మా దగ్గర కొన్నేళ్లు పనిచేసింది. ఒక ఎండాకాలం బ్యాటరీ ఉబ్బి ఇక లేవలేదు. అప్పటికి కాగితం మీద అచ్చు వేసేవి, ఆపినా మరిచిపోనివి వచ్చేశాయి. వాటితో పని తేలికైంది. మాటలు తగ్గాయి. డీఈ గారు రిటైరై వెళ్లిపోయారు. నాకు బదిలీ అయింది. భాయ్ కూతురి పెళ్లికి నేను కామారెడ్డి వెళ్లినప్పుడు, ఆయన ఆ రోజు గొంగడి కింద ఎంత ఉడికిపోయాడో వియ్యాలవారికి నిలబడి నటించి చూపించాడు.

చాలా ఏళ్లకు, తొంభైల్లో, ఏదో పని మీద ఎల్లారెడ్డి వెళ్తూ బస్సులో ఆ రోడ్డు మీదుగా వచ్చాను. తాడ్వాయి దాటింది. మలుపు రాగానే డ్రైవరు స్టీరింగు బలంగా తిప్పాడు. నిలబడ్డవాళ్లంతా ఒక పక్కకు ఒరిగిపోయారు. ఎవరి సంచిలోంచో ఉల్లిగడ్డలు దొర్లాయి. కండక్టరు రాడ్డు పట్టుకుని వేలాడుతూ కసిరాడు:

“ఏ ఇంజనీరు గీసిండో ఏమో! సక్కగ పోయే రోడ్డును తీస్కపోయి గిట్ల మెలిపెట్టిండు. తాగి గీసిండో ఏమో!”

“గవర్నమెంటోళ్ల పని గట్లనే ఉంటది,” అంది నా పక్క సీటామె. “మీరేమంటరు?”

“అవునమ్మా,” అన్నాను, నా కాళ్ల దగ్గరికి వచ్చిన ఉల్లిగడ్డ ఏరి ఇస్తూ.

కిటికీలోంచి బయటికి చూశాను. బావి మీద మోటారు నడుస్తోంది. పైపు నుంచి నీళ్లు కాలువలోకి తెల్లగా దూకుతున్నాయి.